డిష్‌వాషర్లో నీళ్లు వేడెక్కకపోతే

గంటన్నరకు పైగా నడిచి ఆగిన డిష్‌వాషర్ తలుపు తీస్తే మూకుడు అంచున నెయ్యి తెల్లగా పేరుకుని ఉంటుంది. స్టీలు పళ్లెం మీద వేలు పెడితే జారుతుంది. సబ్బు బిళ్ల వేసిన అరలో సగం కరిగిన ముద్ద మిగిలిపోతుంది. అప్పుడే కడిగిన గాజు గ్లాసు పట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఇవన్నీ ఒకేసారి కనిపించాయంటే లోపల నీళ్లు సరిగా వేడెక్కడం లేదని అనుమానించాల్సిందే. సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే తరచూ వినిపించే మాట ఒకటుంది: "హీటర్ పోయినట్టుందండీ, మార్చాలి."

నిజంగా హీటరే పోయి ఉండవచ్చు. కానీ హీటర్‌కి సొంత నిర్ణయం అంటూ ఉండదు. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కరెంటు వదిలితేనే అది పనిచేస్తుంది. నీళ్లు చాలినన్ని వచ్చాయని, పంపు వాటిని సరిగా తిప్పుతోందని, అవి ఇంకా చల్లగానే ఉన్నాయని కబురు అందితేనే బోర్డు కరెంటు వదులుతుంది. ఈ వరసలో ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒకటే, చల్లటి జిడ్డు గిన్నెలు. అందుకే కొన్ని వేల రూపాయలు పెట్టి హీటర్ మార్పించే ముందు ఎక్కడ తెగిందో చూసుకోవాలి. ఇందులో చాలా భాగం స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా ఇంట్లోవాళ్లే చూడగలిగిన పని.

ముందుగా ఈ యంత్రానికి వేడి ఎందుకంత ముఖ్యమో తెలియాలి. చేత్తో అంట్లు తోమేటప్పుడు మనం పీచుతో రుద్దుతాం. యంత్రం రుద్దదు. నీటి ధార, సబ్బు, వేడి, సమయం, దాని చేతిలో ఉన్నవి ఈ నాలుగే. నెయ్యి గోరువెచ్చదనానికే కరుగుతుంది కానీ వనస్పతికి ఇంకాస్త వేడి కావాలి. ఎండిపోయిన పప్పునూ అన్నం మెతుకులనూ విడగొట్టడానికి సబ్బు పొడిలో ఎంజైములు కలుపుతారు. అవి 40 నుంచి 60 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. పసుపు మరకలనూ టీ మరకలనూ పోగొట్టే బ్లీచింగు పదార్థానికీ వేడినీళ్లే బలం. నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఆగిపోతే వీటన్నిటి పనీ ఒక్కసారిగా కుంటుపడుతుంది. అందుకే వేడి లేని రోజు గిన్నెలు కొంచెం తక్కువ శుభ్రంగా కాదు, దాదాపు కడగనట్టే వస్తాయి.

ఈ ఇబ్బంది యంత్రంతోపాటే పుట్టింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షెల్బీవిల్ పట్టణానికి చెందిన జోసఫిన్ కాక్రేన్ తన గిన్నెలు కడిగే యంత్రానికి 1886 డిసెంబరు 28న పేటెంట్ పొందారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని పెట్టారు. హోటళ్లు కొన్నాయి, ఇళ్లలోకి మాత్రం చాలాకాలం రాలేదు. అప్పటి ఇళ్లలోని బాయిలర్లు అన్ని వేడినీళ్లు అందించలేకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. నీళ్లు కాచే పని యంత్రమే చేసుకోవడం మొదలయ్యాక ఆ చిక్కు తీరింది.

మన దగ్గర అమ్మే డిష్‌వాషర్లు సాధారణంగా చల్లనీళ్ల పైపుకి బిగిస్తారు. లోపల 1800 నుంచి 2100 వాట్ల హీటర్ ఉంటుంది. పాత నమూనాల్లో అది అడుగున వంచిన కడ్డీ. చాలా కొత్త నమూనాల్లో నీళ్లు తిప్పే పంపుతో కలిపేశారు. నీళ్లు పంపులోంచి పోతూ పోతూ వేడెక్కుతాయి. ఈ తేడా గుర్తుంచుకోవాలి, మరమ్మతు ఖర్చు దీన్నిబట్టే మారుతుంది.

ఒక చిన్న లెక్క వేసుకుంటే తర్వాతి విషయాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఒక విడత కడగడానికి యంత్రం తీసుకునేది సుమారు 4 లీటర్ల నీళ్లు. వాటిని 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు తేవాలంటే 670 కిలోజౌళ్ల శక్తి కావాలి. రెండు కిలోవాట్ల హీటర్ ఆ పని ఐదున్నర నిమిషాల్లో చేస్తుంది. అయితే వేడెక్కాల్సింది నీళ్లే కాదు. లోపల పన్నెండు కిలోల స్టీలు గిన్నెలు ఉంటే వాటికి మరో 240 కిలోజౌళ్లు, యంత్రం లోపలి స్టీలు తొట్టికి, అరలకు ఇంకొంత. మొత్తం మీద పది, పన్నెండు నిమిషాలపాటు హీటర్ నిండుగా పనిచేయాలి. కుక్కరు, ఇనుప మూకుడు, ఇడ్లీ పాత్ర అన్నీ ఒకే విడతలో కుక్కితే ఆ సమయం ఇంకా పెరుగుతుంది.

అసలు వేడెక్కడం లేదా?

తప్పు వెతికే ముందు తప్పు ఉందో లేదో తేల్చుకోవాలి. ప్రతి ప్రోగ్రాముకూ దాని వేడి దానికి ఉంటుంది. ఎకో ప్రోగ్రాము చాలా యంత్రాల్లో 50 డిగ్రీల దగ్గర ఆగుతుంది, త్వరగా ముగిసేవి 45 దగ్గర, గాజు సామాను కోసం పెట్టినవి 40 దగ్గర. కడాయిల కోసమని, బాగా జిడ్డు పట్టిన వాటి కోసమని ఇచ్చే గట్టి ప్రోగ్రాములే 65, 70 డిగ్రీల దాకా పోతాయి. వట్టి నీళ్లతో తొలిపే ప్రీ-రిన్స్‌లో హీటర్ అసలు పనిచేయదు. కాబట్టి పరీక్ష ఎప్పుడూ గట్టి ప్రోగ్రాములోనే చేయాలి. నెలల తరబడి త్వరగా ముగిసే ప్రోగ్రాము మీదే నడిపి, యంత్రం పాడైందని బాధపడే ఇళ్లు తక్కువేం కాదు.

గిన్నెలు తడిగా రావడం వేరు, నీళ్లు వేడెక్కకపోవడం వేరు. చాలా యంత్రాల్లో ఆరబెట్టడానికి విడిగా వేడిగాలి ఉండదు. చివరి తొలుపు వేడినీళ్లతో జరుగుతుంది, గిన్నెల్లో నిలిచిన ఆ వేడికి తడి ఆవిరై, చల్లగా ఉన్న తొట్టి గోడల మీద నీరుగా మారి కిందికి జారిపోతుంది. మందపాటి పింగాణీలో వేడి నిలుస్తుంది కనుక అది బాగా ఆరుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో నిలవదు, అందుకే అది ఎంత మంచి యంత్రంలోనైనా తడిగానే వస్తుంది. చివరి తొలుపులో నీళ్లు జారిపోవడానికి వేసే రిన్స్ ఎయిడ్ ద్రవం అయిపోయినా నీళ్లు బొట్లుగా నిలిచిపోతాయి. గిన్నెలు శుభ్రంగా ఉండి తడి మాత్రమే ఉంటే హీటర్ జోలికి పోకుండా ముందు రిన్స్ ఎయిడ్ నింపి చూడండి. శుభ్రంగా లేకపోవడం, తడిగా ఉండడం, చల్లగా ఉండడం మూడూ కలిస్తేనే వేడి మీద అనుమానం పెట్టుకోవాలి.

రుతువునీ మరిచిపోకూడదు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో డాబా మీది ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. జనవరి తెల్లవారుజామున అదే ట్యాంకు నీళ్లు జివ్వుమంటాయి. మొదలయ్యే వేడిలో అంత తేడా ఉంటే అదే ప్రోగ్రాము చలికాలంలో ఎక్కువసేపు నడవడం సహజం. తెరమీది నిమిషాలు కాసేపు కదలకుండా ఆగిపోవడం కూడా ఒక్కోసారి ఇందువల్లే. నీళ్లు అనుకున్న వేడికి వచ్చేదాకా కొన్ని యంత్రాలు ఆగి ఎదురుచూస్తాయి. కొన్ని మాత్రం కొంతసేపు చూసి, వేడెక్కకపోయినా ముందుకు పోతాయి. ఆ రెండో రకంలో తప్పు తెర మీద కనిపించకుండా గిన్నెల మీద కనిపిస్తుంది.

గట్టి ప్రోగ్రాము మొదలుపెట్టి, ఇరవై ఐదు ముప్పై నిమిషాలు గడిచాక తలుపు కొద్దిగా తెరిచి, లోపలి నీటి చప్పుడు ఆగేదాకా ఉండి, పక్కకు నిలబడి పూర్తిగా తీయండి. ఆవిరి గుప్పున బయటికి రావాలి. పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి. వంటగదిలో వాడే థర్మామీటరు ఉంటే అడుగున ఉన్న నీళ్లలో పెట్టండి. 55 దాటి కనిపిస్తే హీటర్ బతికే ఉంది. 30 దగ్గరే ఉంటే అనుమానం నిజమే.

కరెంటు మీటరు చెప్పే సాక్ష్యం

ఇంతకంటే గట్టి పరీక్ష ఒకటుంది. దానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు. మన ఇళ్లకు బిగించిన ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు ముందు ఒక చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కి ఎన్ని మెరుపులో అచ్చు వేసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. ఈ మెరుపుల వేగమే ఆ క్షణంలో ఇల్లు వాడుతున్న కరెంటు.

ఇంట్లో ఫ్రిజ్, ఏసీలు, గీజర్, ఫ్యాన్లు కాసేపు ఆపేయండి. డిష్‌వాషర్ ఒక్కటే నడవాలి. పంపు మాత్రమే తిరుగుతున్నప్పుడు అది 80 వాట్ల దాకా తీసుకుంటుందనుకుంటే, 3200 అని రాసిన మీటరు మీద దీపం సుమారు పద్నాలుగు సెకన్లకోసారి మెరుస్తుంది. హీటర్ అందుకోగానే లెక్క మారిపోతుంది. రెండు కిలోవాట్లకి సెకనుకు దాదాపు రెండు మెరుపులు. ఈ తేడా చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. అపార్టుమెంటులో మీటర్లు కింద సెల్లారులో ఉంటాయి కాబట్టి ఒకరు ఫోన్ పట్టుకుని కింద, ఒకరు వంటగదిలో ఉంటే సరిపోతుంది. మొదటి కొన్ని నిమిషాలు నీళ్లు నింపడానికి, తొలపడానికి పోతాయి. పదో నిమిషం నుంచి ముప్పయ్యో నిమిషం వరకు మధ్యమధ్య చూస్తూ ఉండండి. ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు ఉంటే ఇదే సంగతి ఆంపియర్లలో తెలుస్తుంది. హీటర్ నడిస్తే ఎనిమిది, తొమ్మిది, పంపు ఒక్కటే అయితే అర ఆంపియరు లోపు.

ఈ పరీక్షను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇది సమస్యను రెండుగా చీలుస్తుంది. దీపం గబగబా మెరుస్తున్నా గిన్నెలు చల్లగానే వస్తుంటే హీటర్ పనిచేస్తోందనీ, పుట్టిన వేడి ఎక్కడో పోతోందనీ లేదా చాలడం లేదనీ అర్థం. మొదటి నుంచి చివరి దాకా దీపం నింపాదిగానే మెరిస్తే హీటర్‌కి కరెంటు అందడం లేదు, లేదా హీటరే తెగిపోయింది. ఈ రెంటి మరమ్మతులు పూర్తిగా వేరు. ఏది ఏదో తెలియకుండా పార్టు మార్చడమంటే గుడ్డిగా డబ్బు పోయడమే.

వేడి పుట్టినా చాలనప్పుడు

మొదటి రకంలో అందరూ వదిలేసే కారణం ఓల్టేజీ. హీటర్ ఇచ్చే వేడి ఓల్టేజీ వర్గాన్నిబట్టి మారుతుంది. 230 ఓల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే హీటర్ 180 ఓల్టుల దగ్గర ఇచ్చేది 1225 వాట్లే. ఓల్టేజీ అయిదో వంతుకు కాస్త పైగా పడితే వేడి దాదాపు నలభై శాతం పడిపోతుంది. పది నిమిషాల పని పదహారు నిమిషాలకు పైగా పడుతుంది. వేసవి సాయంత్రాలు కాలనీలో ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ, ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా చివరన ఉన్న ఇళ్లలో ఇది జరుగుతుంది. రాత్రి ఎనిమిదింటికి జిడ్డుగా వచ్చిన గిన్నెలు తెల్లవారి అయిదింటికి వేస్తే మెరుస్తూ వస్తే, యంత్రంలో ఏ లోపమూ లేదు. నడిపే వేళ మార్చుకుంటే చాలు. స్టెబిలైజరు పెట్టాలనుకుంటే ఫ్రిజ్‌కి వాడేది పనికిరాదు, ఈ బరువును మోయగలదాన్నే తీసుకోవాలి.

సాకెట్ కూడా చూడండి. ఇది తొమ్మిది ఆంపియర్ల దాకా లాగే యంత్రం, 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపితే ప్లగ్ పిన్నుల దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ నల్లబడుతుంది. యంత్రం నడిచిన వెంటనే ప్లగ్ తీసి పిన్నుల చుట్టూ రంగు మారిందేమో చూడండి. మారితే సాకెట్, ప్లగ్ రెండూ మార్పించేదాకా యంత్రం వేయకండి. అపార్టుమెంట్ జనరేటర్ మీద ఫ్లాటుకి ఇచ్చే పరిమిత కరెంటుతోనూ, ఇంటి ఇన్వర్టర్‌తోనూ దీన్ని నడపకూడదు.

రెండో కారణం నీళ్లు జారిపోవడం. మురికినీళ్లు బయటికి పోయే పైపు సింకు కింద వంపు తిరిగి, మాన్యువల్‌లో చెప్పినంత ఎత్తుకు లేచి అప్పుడు మోరీకి దిగాలి. అది నేల మీద పడి నేరుగా మోరీలోకి పోతుంటే, లోపల వేడెక్కిన నీళ్లు వాటంతటవే బయటికి లాగేసుకుపోతాయి. యంత్రం మళ్లీ చల్లనీళ్లు నింపుకుంటుంది. మళ్లీ వేడి చేస్తుంది. మళ్లీ పోతాయి. ఇల్లు మారాకనో, వంటగది బాగు చేయించాకనో ఈ ఇబ్బంది మొదలైతే ముందుగా ఈ పైపునే చూడాలి. కడుగుతున్న మధ్యలో, యంత్రం నీళ్లు తోడి పోసే చప్పుడు చేయని సమయంలో, మోరీ దగ్గర సన్నటి ధార కనిపిస్తే కారణం దొరికినట్టే. నీళ్లు లోపలికి వదిలే వాల్వు సరిగా మూసుకోకుండా కారుతున్నా ఇదే జరుగుతుంది.

హీటర్‌కి ఆజ్ఞే అందనప్పుడు

దీపం నింపాదిగా మెరుస్తోంది, అంటే హీటర్ నడవడం లేదు. ఇక్కడే తొందరపడకూడదు. నీళ్లు లేకుండా హీటర్ వెలిగితే కాలిపోతుంది, ప్లాస్టిక్ భాగాలు కరుగుతాయి. అందుకని తయారీదార్లు ఒక కాపలా పెట్టారు. నీళ్ల మట్టమో, పంపు తోసే ఒత్తిడో, ప్రవాహమో చాలినంత లేదని సెన్సారు చెబితే బోర్డు హీటర్‌ని ముట్టుకోదు. హీటర్ కొత్తదిలా ఉన్నా నీళ్లు చల్లగానే ఉంటాయి. మన ఇళ్లలో ఈ కాపలా అడ్డుపడడానికి కారణాలు ఎక్కువ.

నీళ్ల ఒత్తిడి వాటిలో మొదటిది. నీటి ఒత్తిడి ప్రతి పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ చొప్పున పెరుగుతుంది. అయిదంతస్తుల అపార్టుమెంటులో కింది అంతస్తు వాళ్లకి ఇబ్బంది ఉండదు. పైఅంతస్తు వాళ్లకీ, ఒంటి అంతస్తు ఇల్లుండి డాబా మీదే ట్యాంకు పెట్టుకున్న వాళ్లకీ కుళాయి దగ్గర ఎత్తు మూడు నాలుగు మీటర్లే ఉంటుంది, అంటే 0.3 నుంచి 0.4 బార్. అర బార్ అయినా కావాలని చెప్పే యంత్రాలున్నాయి. మీ మాన్యువల్‌లో ఎంత రాశారో చూసి, చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి. ఒత్తిడి బాగున్నా లోపలికి వచ్చే పైపు మొదట్లో ఉండే చిన్న జాలీ బోరు ఇసుకతో మూసుకుపోతే ఫలితం అదే. కుళాయి కట్టేసి, పైపు విప్పి, ఆ జాలీని పాత బ్రష్షుతో కడగడం అయిదు నిమిషాల పని.

అడుగున ఉండే ఫిల్టరు తర్వాతి అనుమానితుడు. కరివేపాకు, పోపు గింజలు, మెతుకులు, చింతపండు పిప్పి అన్నీ అక్కడే చేరతాయి. అది మూసుకుంటే పంపుకి నీళ్లు చాలవు, గాలి పీల్చుతుంది, ప్రవాహం తగ్గుతుంది, హీటర్ ఆగుతుంది. వారానికోసారి తీసి కడగండి. నురగ కూడా ఇదే పని చేస్తుంది. డిష్‌వాషర్ పొడి అయిపోయిన రోజు చేత్తో తోమే గిన్నెల సబ్బు ద్రవం కాస్త పోశారంటే లోపలంతా నురగే, పంపు నీటి బదులు నురగను తిప్పుతుంది. చేత్తో తోమినప్పుడు అంటిన సబ్బుతోనే గిన్నెలు లోపల సర్దినా కొంత ఇదే కథ.

ఇక బోరు నీళ్లు. తెలంగాణలో, రాయలసీమలో పప్పు ఉడకని నీళ్లంటే అందరికీ తెలుసు. ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడి తగలగానే సున్నపు గారగా మారి వేడి పుట్టే చోటే అతుక్కుంటాయి. ఇమ్మర్షన్ రాడ్ మీద తెల్లటి పెంకు కట్టేది ఇదే. గార వేడిని నీళ్లలోకి త్వరగా పోనివ్వదు. లోపల హీటర్ మాత్రం మండిపోతుంది, రక్షణ స్విచ్చు దాన్ని ఆపేస్తుంది, కొన్నాళ్లకు హీటర్ నిజంగానే తెగిపోతుంది. డిష్‌వాషర్లో ఉప్పు వేసే గది ఉన్నది దీన్ని ఆపడానికే. లోపలి రెజిన్ పూసలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుంటాయి, ఉప్పు నీళ్లు ఆ పూసలను మళ్లీ కడిగి సిద్ధం చేస్తాయి. ఉప్పు అయిపోయాక యంత్రాన్ని అలాగే నడిపితే ఆ గార అంతా హీటర్ మీదికే పోతుంది.

ఉప్పు విషయంలో నాకున్న పట్టుదల చెప్పాలి. బిళ్లలోనే అన్నీ ఉన్నాయి, ఉప్పు అక్కర్లేదు అనే మాట మన బోరు నీళ్లకు నమ్మకండి. వంట ఉప్పూ వేయకండి. అందులో అయోడినూ, ముద్దకట్టకుండా కలిపే పదార్థాలూ ఉంటాయి, అవి రెజిన్‌కి చెరుపు. డిష్‌వాషర్ కోసం అమ్మే గరుకు ఉప్పే వాడాలి. నీటి కాఠిన్యం ఎంతో యంత్రంలో అమర్చాలి కూడా. ఆర్వో వాళ్లు తెచ్చే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపిస్తుందే కానీ కాఠిన్యాన్ని విడిగా చెప్పదు, దానికి రంగు మారే పట్టీలు వేరే దొరుకుతాయి. వేసవిలో మంజీరా, కృష్ణా నీళ్లు తగ్గి బోరు కలిపినప్పుడు కాఠిన్యం మారుతుంది, అమరికా మార్చాలి. గార ఇప్పటికే కట్టి ఉంటే, మాన్యువల్ ఒప్పుకున్న పక్షంలో, గిన్నెలూ సబ్బూ లేకుండా నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రాము ఒకసారి నడపవచ్చు. బ్లీచింగు ఉన్నదేదీ దానితో కలవకూడదు.

ఇవన్నీ సరిగా ఉన్నా హీటర్ నడవకపోతే ఇక లోపలి సంగతే. ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ అనే చిన్న ముక్క వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గించుకుంటుంది. అది చెడి, చల్లనీళ్లనే వేడినీళ్లని బోర్డుకి చెబితే హీటర్‌కి పని ఉండదు. ఎలుక కొరికిన తీగ, తేమకు పచ్చబడిన కనెక్టరు, బోర్డు మీద రిలే దగ్గర విరిగిన టంకం, వెచ్చదనానికి చేరి బోర్డు మీద చచ్చిన బొద్దింక, ఇవన్నీ మెకానిక్‌లు రోజూ చూసేవే. తెర మీద కోడ్ వస్తే ఫోటో తీసి పెట్టుకోండి, యంత్రం ఆపేస్తే అది పోవచ్చు.

మరో గుర్తు చాలా విలువైనది. యంత్రం మొదలైన వెంటనే కాక కొన్ని నిమిషాలయ్యాక, సరిగ్గా హీటర్ అందుకోవాల్సిన వేళ, ప్రతిసారీ ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోతుంటే హీటర్ లోపల కరెంటు నేలకు లీకవుతోందని అర్థం. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడుతుంది, మనిషి ప్రాణం కాపాడడానికి పెట్టిన హద్దు అది. దాన్ని తప్పించి తీగ కలిపి నడిపిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హీటర్ దగ్గరి రక్షణ స్విచ్చును తప్పించి కలపడమూ అంతే ప్రమాదం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ కథ కొంత వేరు. అక్కడి డిష్‌వాషర్లు 120 ఓల్టుల మీద నడుస్తాయి, సాధారణంగా ఇంటి వేడినీళ్ల పైపుకే బిగిస్తారు, లోపలి హీటర్ చిన్నది. నీళ్లు 120 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర, అంటే 49 సెల్సియస్ దగ్గర లోపలికి రావాలని అవి ఆశిస్తాయి. వాటర్ హీటర్ బేస్‌మెంటులో ఉండి వంటగది దూరమైతే ఆ పైపులో నిలిచిన నీళ్లు చల్లారిపోయి ఉంటాయి. యాభై అడుగుల అరంగుళం పైపులో రెండు లీటర్లకు పైగా పడతాయి కనుక మొదటి విడత నీళ్లలో సగం చల్లవే. యంత్రం వేసే ముందు సింకు కుళాయిలో వేడినీళ్లు వచ్చేదాకా వదలడం అక్కడ అన్నిటికన్నా సులువైన మందు. ఇక్కడ డాబా మీది సోలార్ హీటర్‌కి డిష్‌వాషర్ కలపాలనుకునేవాళ్లు మాత్రం మాన్యువల్‌లోని హద్దు చూడాలి. చాలా యంత్రాలకు అది 60 డిగ్రీలు. ఎండాకాలంలో సోలార్ నీళ్లు ఆ హద్దు దాటతాయి.

మెకానిక్‌ని పిలిచాక పైన చూసినవన్నీ అతనికి చెప్పండి. మీటరు దీపం ఎలా మెరిసిందో, ఓల్టేజీ ఎంతో, కోడ్ ఏమిటో చెబితే అతని పని సగమవుతుంది. ప్లగ్ తీశాక హీటర్ నిరోధాన్ని మల్టీమీటరుతో చూపించమనండి. 1800 నుంచి 2100 వాట్ల హీటర్ అయితే 25 నుంచి 30 ఓమ్‌ల మధ్య రావాలి. ఏ రీడింగూ రాకపోతే హీటర్ తెగింది, మార్చాల్సిందే. పంపుతో కలిసిన రకమైతే పంపు సహా మారుతుంది, ధర ముందే అడగండి. రీడింగు సరిగా ఉంటే యంత్రం కడుగుతున్న వేళ హీటర్ కొసల దగ్గర 230 ఓల్టులు వస్తున్నాయో లేదో చూడడం అతని పని, మీరు చేయకూడదు. ఓల్టేజీ రాకపోతే తప్పు బోర్డులోనో, తీగల్లోనో, సెన్సార్లలోనో ఉంది. అప్పుడు కొత్త హీటర్ పెట్టినా నీళ్లు చల్లగానే ఉంటాయి. బోర్డు కాలిందని తేలితే, కొత్తది బిగించే ముందు హీటర్‌ని లీకు పట్టే మెగ్గర్ అనే పరికరంతో పరీక్షించమని అడగండి. లీకో షార్టో ఉన్న హీటర్‌ని అలాగే వదిలేసి కొత్త బోర్డు పెడితే, కొద్ది రోజుల్లో అదీ కాలిపోవచ్చు.